కంటికి ఆనని గుడ్లు: సంతలో కొన్న పండ్లను పరాన్నజీవుల నుంచి శుభ్రం చేసే పద్ధతి

జామపండును తలకిందులు చేసి పట్టుకోండి. తొడిమకు ఎదురు కొసలో, పువ్వు ఎండి రాలిన చోట, నల్లటి అంచులతో చిన్న గిన్నెలాంటి గుంట ఉంటుంది. గోటితో గీకితే అందులోంచి మన్ను రాలుతుంది. పండ్లు నిగనిగలాడాలని బండి మీద చల్లిన నీళ్ళు నిలిచేది అక్కడే. ఈగ వాలేదీ అక్కడే. ఇంటికొచ్చాక కుళాయి కింద అటూ ఇటూ తిప్పి తీసేస్తే తడవకుండా మిగిలిపోయేదీ ఆ చోటే. ఏలికపాము గుడ్డు పొడవు 45 నుంచి 75 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో సుమారు ఇరవయ్యో వంతు. ఆ గుంటలో అలాంటివి వందలు చేరినా మన కంటికి ఒక్కటీ ఆనదు.

కర్నూలు, అనంతపురం, కడప ఊళ్ళలో పండ్లకు కొదవ లేదు. చీనీ (బత్తాయి), దానిమ్మ, అరటి, బొప్పాయి, కర్బూజ, కళింగర (పుచ్చకాయ), సీతాఫలం, నేరేడు, రేగు, అంజూర... ఏ నెలలో చూసినా బజారు నిండుగానే ఉంటుంది. పండ్లు తప్పకుండా తినాలి, పిల్లలకు పెట్టాలి. అయితే ఒక సంగతి మొదటే తెలుసుకోవాలి. పరాన్నజీవుల గుడ్లను, గట్టి పెంకు కట్టుకున్న సిస్టులను వంటింట్లో కలిపే ఏ ద్రావణమూ నమ్మకంగా చంపలేదు. వాటిని పండు మీద నుంచి ఊడగొట్టి నీళ్ళతో సాగనంపాల్సిందే. కింద చెప్పిన ప్రతి పనికీ కారణం ఇదే.

పండు మీదికి వచ్చేవి ఏవి, ఎక్కడి నుంచి

వీటిలో రెండు రకాలు. మొదటిది పేగుల్లో బతికే పురుగుల గుడ్లు: ఏలికపాము, కొరడా పురుగు, బద్దెపురుగు. రెండోది ఒకే కణం ఉన్న సూక్ష్మజీవుల సిస్టులు: గియార్డియా, అమీబా, క్రిప్టోస్పోరిడియం, సైక్లోస్పోరా. దాదాపు అన్నీ మనిషి మలం నుంచే బయలుదేరతాయి. కొన్ని కుక్క, పిల్లి, పశువుల పేడ నుంచి కూడా వస్తాయి. చెట్టు మీద ఉన్నంతసేపు పండుకు వీటి బెడద తక్కువ. పండు నేలను తాకినప్పుడు, మురికి నీళ్ళలో మునిగినప్పుడు, కడగని చేతిలో పడ్డప్పుడు కథ మొదలవుతుంది.

మన్ను దారి వేరు, చెయ్యి దారి వేరు. ఈ తేడా తెలిస్తే దేనికి ఎక్కువ జాగ్రత్త పడాలో తెలుస్తుంది. ఏలికపాము గుడ్డు మలంతో బయటపడ్డ రోజే జబ్బు చేయలేదు. తేమ ఉన్న మట్టిలో రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం నానితేనే దాని లోపల పిల్లపురుగు తయారవుతుంది. అలా తయారయ్యాక మట్టిలో ఏళ్ళ తరబడి బతకగలదు. ఒక ఆడ ఏలికపాము రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది కాబట్టి ఆ మట్టిలో గుడ్లకు కరువుండదు. ఏలికపాము ప్రమాదం పండుకు అంటిన మన్నులో ఉంది. గియార్డియా, అమీబా సంగతి అలా కాదు. అవి బయటికొచ్చిన క్షణం నుంచే అంటుకునే స్థితిలో ఉంటాయి. పండు కోసిచ్చే మనిషి చేతి నుంచి నేరుగా మన నోటికి చేరగలవు. గియార్డియా సిస్టులు పది చాలు, జబ్బు రావడానికి.

పంది మాంసంతో ముడిపడిన బద్దెపురుగు గుడ్లు కూడా ఇలాగే వెంటనే పనిచేస్తాయి. ఈ గుడ్లు నోట్లోకి వెళితే వాటిలోంచి వచ్చిన పిల్లపురుగులు మెదడుకు చేరి తిత్తులు కడతాయి. పెద్దయ్యాక కొత్తగా మూర్ఛలు మొదలవడానికి ఇదొక ముఖ్య కారణం. ఈ తిత్తులు వచ్చేది గుడ్ల వల్ల, మాంసం తినడం వల్ల కాదు. అందుకే మాంసం ముట్టని ఇళ్ళలోనూ ఈ జబ్బు కనిపిస్తుంది.

రెండు అపోహలను ఇక్కడే తీసేద్దాం. బెల్లం, తీపి, అరటిపండు ఎక్కువ తింటే కడుపులో పురుగులు పడతాయని పెద్దవాళ్ళు అంటుంటారు. గుడ్డు లోపలికి పోకుండా పురుగు పుట్టదు, తీపికీ దానికీ సంబంధం లేదు. ఇక జామకాయలోనో రేగుపండులోనో కనిపించే తెల్ల పురుగు పండు ఈగ పిల్ల. చూడటానికి రోతగా ఉన్నా అది మన పేగుల్లో కాపురం పెట్టదు. పురుగున్న పండును చూసి భయపడి పారేసేవాళ్ళు, నున్నగా మెరిసే పండును కడగకుండానే కొరికేస్తారు. జాగ్రత్త పడాల్సింది ఆ మెరిసే పండు దగ్గర.

ఇంకో మాట. బాక్టీరియా కోసిన పండు మీద గంట గంటకూ పెరుగుతుంది. పరాన్నజీవుల గుడ్లు, సిస్టులు పండు మీద పెరగవు. ఎన్ని అంటుకున్నాయో అన్నే ఉంటాయి. అందుకే పండు కుళ్ళదు, వాసన రాదు, రుచి మారదు. చూపుతో, ముక్కుతో తేల్చుకునే వీలు లేదు.

కొనే చోట ఏం చూడాలి

అనంతపురం ఎండ మనకు మంచి తోడు. గియార్డియా, క్రిప్టోస్పోరిడియం వంటివి తేమ ఆరిపోతే తట్టుకోలేవు. ఎండలో పొడిగా ఉన్న పండు మీద అవి ఎక్కువ కాలం బతకవు. ఏలికపాము గుడ్డు మాత్రం మొండిది, కొంత ఎండనూ ఓర్చుకుంటుంది. మరి ఈ మేలును పోగొట్టేది ఏమిటి? తడి గోనెపట్టా. పండ్లు వాడిపోకుండా పైన తడి గోనె కప్పి, అరగంటకోసారి బకెట్లోంచి నీళ్ళు చిలకరిస్తే, సిస్టులకు కావలసిన నీడ, చల్లదనం, తేమ మూడూ మనమే అమర్చినట్టు.

కాబట్టి బండి దగ్గర మొదట పండును కాకుండా బకెట్టును చూడండి. నీళ్ళు తేటగా ఉన్నాయా, దానికి మూత ఉందా, అదే నీళ్ళలో చేతులు, కత్తి, పండు మూడూ మునుగుతున్నాయా? మునుగుతుంటే ఆ బండి దగ్గర కోసిన ముక్కలు కొనకండి. కావాలంటే కాయ మొత్తంగా కొని ఇంటికి తెచ్చుకోండి. కాయను ఇంట్లో కడగవచ్చు, కోసిన ముక్కను కడగలేం.

పండ్లు నేల మీద పరిచిన పట్టా మీద ఉన్నాయా, బల్ల మీదో గంపలోనో ఎత్తుగా ఉన్నాయా అన్నది తర్వాత చూడాలి. వాన పడ్డ మర్నాడు సంతలో నేల మీద అమ్మే పండ్ల విషయంలో రెట్టింపు జాగ్రత్త అవసరం. వాననీరు మురుగుకాలువను, మట్టిని, పండును ఒకటి చేస్తుంది. పగిలినవి, గాటు పడ్డవి, తొడిమ దగ్గర చీలినవి తీసుకోవద్దు. పైనున్న మురికి ఆ చీలికలోంచి లోపలికి దిగి ఉంటుంది, ఎంత కడిగినా పోదు.

నేరేడు, రేగు పండ్లు చాలావరకు చెట్టు దులిపితే నేలరాలినవే. అమ్మేవాళ్ళ తప్పేమీ లేదు, వాటిని ఏరే పద్ధతే అది. వాటిని మాత్రం సంతలో రుచి చూడటానికి కూడా నోట్లో వేసుకోకండి.

ఇంట్లో కడిగే పద్ధతి

కిలో జామపండ్లను ఉదాహరణగా తీసుకుందాం. కిలోకు ఆరు నుంచి ఎనిమిది తూగుతాయి. మొత్తం ఆరేడు లీటర్ల నీళ్ళు పడతాయి. రెండు మూడు రోజులకోసారి కుళాయి వచ్చే వీధుల్లో ఇది తక్కువేమీ కాదు, అందుకే ఎక్కడెక్కడ ఎంత వాడాలో లెక్కతో చెబుతున్నాం. కావలసినవి: రెండు వెడల్పాటి బేసిన్లు, చిల్లుల గిన్నె ఒకటి, చెంబు లేదా అడుగున కుళాయి ఉన్న 20 లీటర్ల క్యాను, పండ్లకే పెట్టుకున్న మెత్తటి బ్రష్షు, ఉతికి ఆరేసిన నూలుగుడ్డ.

1. ముందు చేతులు. సబ్బుతో 20 సెకన్లు, గోళ్ళ సందులు సహా. చెయ్యి మురికిగా ఉంటే కడుగుతూ కడుగుతూనే పండుకు అంటిస్తాం.

2. పండ్లను గదిలో కాసేపు ఉంచి చల్లబరచండి. ఎండలో వేడెక్కిన పండును చల్లటి నీళ్ళలో ముంచితే లోపలి గాలి కుంచించుకుపోయి, తొడిమ ఊడిన చోటు నుంచి పండు నీళ్ళను లోపలికి పీల్చుకుంటుంది. మురికి కూడా వెంట పోతుంది. మామిడిలో ఇది బాగా జరుగుతుంది. నీళ్ళు గది వేడిలోనే ఉండాలి, ఫ్రిజ్ నీళ్ళు వద్దు.

3. మొదటి బేసిన్లో 3 లీటర్లు పోసి పండ్లు వేయండి. రెండు నిమిషాలు చాలు. ఈ నానుడు ఎండిన మన్ను మెత్తబడటానికే. ఈ రెండు నిమిషాల్లో ఒక్కో పండును నీళ్ళలోనే చేత్తో రుద్దండి.

4. పండ్లను చేత్తో పైకి తీసి చిల్లుల గిన్నెలో వేయండి. బేసిన్ను ఎత్తి పండ్లతో సహా వంచేయకండి. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. గుడ్లు నీటి కంటే బరువు, ఊడిన తర్వాత అడుగుకు చేరతాయి. వంచితే ఆ అడుగు మడ్డి మళ్ళీ పండ్ల మీదుగానే పోతుంది. ఆకుకూర కడిగేటప్పుడు ఇసుక విషయంలో మన అమ్మమ్మలు పాటించిన నియమమే ఇది.

5. ఇప్పుడు పారే నీళ్ళు. ఒక్కో పండును కుళాయి ధార కింద పట్టి 15 నుంచి 20 సెకన్లు వేళ్ళతో గట్టిగా రుద్దండి. కుళాయి లేకపోతే ఒకరు చెంబుతో సన్నగా పోస్తుంటే ఇంకొకరు రుద్దాలి. పండుకు 300 మి.లీ. సరిపోతుంది. ఈ నీళ్ళు రెండో బేసిన్లోకి పడనివ్వండి, పండు ఆ బేసిన్ను తాకకూడదు. అడుగు గుంటలో, తొడిమ చుట్టూ బ్రష్షుతో నాలుగైదు సార్లు తిప్పండి. ఏలికపాము గుడ్డు పైపొర బుడిపెలతో జిగటగా ఉంటుంది. ఒట్టి నీటి ధారకు అది కదలదు, రాపిడికే ఊడుతుంది. ఈ మెట్టు మీదే మొత్తం పని ఆధారపడి ఉంది.

6. చివరగా తాగే నీళ్ళతో ఒక్కసారి పైపైన పోయండి. డ్రమ్ములో నాలుగు రోజులుగా నిల్వ ఉన్న నీళ్ళతో కడిగితే ఆ డ్రమ్ములోనిది పండు మీదికి వస్తుంది. అన్ని పండ్లకూ కలిపి లీటరు చాలు. ఆ నీళ్ళు కాచి చల్లార్చినవైతే మరీ మంచిది.

7. గుడ్డతో గట్టిగా తుడవండి. తుడవడం వల్ల మిగిలినవి మరికొన్ని పోతాయి, పండు పొడిబారుతుంది కూడా.

8. జామపండు రెండు కొసలూ అర సెంటీమీటరు మందాన కోసి పారేయండి. ఆ కత్తిని మళ్ళీ కడిగాకే మిగతా పండు కోయండి.

వేర్వేరు పండ్లు కడగాల్సి వస్తే శుభ్రంగా ఉన్నవి ముందు, మన్ను అంటినవి చివర. ముందు కళింగర కడిగి అదే బేసిన్లో ద్రాక్ష వేయకూడదు. కడిగిన నీళ్ళను పారబోయడం ఇష్టంలేక పెరట్లో పోస్తాం కదా. కొబ్బరిచెట్టుకో, పూలమొక్కకో పోయండి. కొత్తిమీర, పుదీనా కుండీలకు మాత్రం వద్దు, వాటిని పచ్చిగానే తింటాం.

తెచ్చిన వెంటనే అన్నీ కడిగి పెట్టేయాలనిపిస్తుంది. తడి పండు బూజు పట్టి త్వరగా చెడుతుంది. తినబోయే ముందు, తినబోయేవే కడగండి. ఫ్రిజ్‌లో పెడితే పరాన్నజీవులు చస్తాయనుకోవడం కూడా పొరపాటే. చల్లదనంలో గియార్డియా సిస్టులు వారాల తరబడి నిక్షేపంగా బతుకుతాయి.

ఏ పండుకు ఏ మెళకువ

కళింగర, కర్బూజ: నేల మీద పండే కాయలు. ఒక పక్క పసుపుపచ్చ మచ్చ కనిపిస్తుందే, కాయ నేలకు ఆని ఉన్న చోటు అది. తొక్క తినం కదా అని కడగకుండా కోస్తాం. కత్తి ఆ మట్టి తొక్కను చీల్చుకుంటూ లోపలికి దిగి, పైనున్నదంతా ఎర్రటి గుజ్జుకు పూసేస్తుంది. పీచు బ్రష్షుతో నీటి ధార కింద ఒక నిమిషం తోమి, తుడిచి, అప్పుడు కోయాలి. కర్బూజ తొక్క వలలాగా గరుకుగా ఉంటుంది కాబట్టి దానికి రెండు నిమిషాలు.

ద్రాక్ష: గుత్తిని గుత్తిగా కడిగితే నడుమనున్న పండ్లకు నీళ్ళు తాకవు. కత్తెరతో ఎనిమిది పదేసి పండ్ల రెబ్బలుగా విడదీయండి. బేసిన్లో వేళ్ళతో కలియదిప్పి, పైకి తీసి, నీళ్ళు మార్చి మూడుసార్లు చేయండి. ఆ తర్వాత చిల్లుల గిన్నెలో వేసి ధార కింద పట్టండి.

సీతాఫలం: బుడిపెల సందులన్నీ దుమ్ము గూళ్ళు. పండాక కడిగితే విచ్చిపోతుంది, విచ్చుకున్న పండులోకి నీళ్ళు దిగుతాయి. గట్టి కాయగా ఉన్నప్పుడే పాత టూత్‌బ్రష్షుతో సందు సందునా తోమి, నీడలో బాగా ఆరబెట్టి, అప్పుడు మాగబెట్టండి. తినబోయే ముందే కడగాలన్న నియమానికి ఇదొక్కటే మినహాయింపు.

నేరేడు, రేగు, అంజూర: పలచటి తొక్క, తొక్కతోనే తింటాం. నేరేడును నీళ్ళు మార్చి నాలుగుసార్లు, పండు చితకకుండా. చితికినవి ఏరి పారేయండి. అంజూరను ఒక్కొక్కటిగా ధార కింద బొటనవేలితో సుతారంగా రుద్దాలి.

చీనీ, దానిమ్మ, అరటి, మామిడి, బొప్పాయి: తొక్క తీసి తినేవి కాబట్టి అన్నిటికంటే క్షేమం. గర్భిణులు, చిన్నపిల్లలు, కీమోథెరపీ తీసుకునేవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు వానాకాలంలో వీటినే ఎంచుకోవడం మేలు. అయినా తొక్క ఒలిచిన చేత్తోనే తొనలు పట్టుకుంటాం. కాబట్టి ఒలిచే ముందు పండు కడగాలి, ఒలిచాక చెయ్యి కడగాలి. దానిమ్మ గింజలు లోపల శుభ్రంగానే ఉంటాయి, వాటిని మైలపరచేది మన వేళ్ళే.

ఉప్పు, పసుపు, పర్మాంగనేటు, క్లోరిన్

ఉప్పునీళ్ళలో నానబెడితే సందుల్లో దాగిన చిన్న పురుగులు బయటికి వస్తాయి, అంతవరకే. పసుపు నీళ్ళు, వెనిగరు, వంటసోడా మురికి వదలడానికి కాస్త సాయం చేస్తాయేమో గానీ గుడ్లను చంపుతాయని నమ్ముకోకూడదు. గులాబీరంగు పొటాషియం పర్మాంగనేటు నీళ్ళు చూడటానికి మందులాగా ఉంటాయి, ఇంట్లో కలిపే పలుచన మోతాదులో సిస్టులను ఏమీ చేయవు. గిన్నెలు తోమే సబ్బు పండుకు వాడొద్దు, తొక్క దాన్ని పీల్చుకుంటుంది.

క్లోరిన్ గురించి వివరంగా చెప్పాలి. 5 శాతం సోడియం హైపోక్లోరైటు ద్రావణం లీటరు నీటికి 1 మి.లీ. కలిపితే సుమారు 50 పీపీఎం (లీటరుకు 50 మి.గ్రా.) క్లోరిన్ వస్తుంది. బాక్టీరియాకు ఇది బాగా పనిచేస్తుంది, ఐదు నిమిషాలు ముంచి మంచినీళ్ళతో కడిగితే టైఫాయిడ్, కలరా వంటివాటి భయం తగ్గుతుంది. ఏలికపాము గుడ్డుకు, క్రిప్టోస్పోరిడియానికి ఈ మోతాదు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. క్లోరిన్ వాడినా ఐదో మెట్టులోని రాపిడి మానకూడదు. క్లోరిన్‌లో వెనిగరు గానీ యాసిడ్ గానీ కలపనే కలపకండి, విషవాయువు వస్తుంది.

కచ్చితంగా చంపేది వేడి ఒక్కటే. నీళ్ళు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే ఈ పరాన్నజీవుల్లో ఏదీ మిగలదు. పండును ఉడికించలేం. కానీ కత్తిని, చెంచాను, కడిగే నీళ్ళను కాచగలం.

తోపుడు బండి, జ్యూసు అంగడి నడిపేవాళ్ళకు

ఎండలో నిలబడి రోజంతా పండ్లు అమ్మేవాళ్ళకు కుళాయి ఉండదు, సింకు ఉండదు. ఉన్నదాంట్లోనే చేయగల పనులు ఇవి.

నీళ్ళను మూడుగా విడదీయండి. అడుగున కుళాయి ఉన్న 20 లీటర్ల మూత క్యాను ఒకటి, పండుకూ చేతికీ ధార దాని నుంచే. కత్తి, పలక కడగడానికి చిన్న బకెట్టు వేరే. మురికి నీళ్ళు పడటానికి ఇంకో బకెట్టు. క్యానులోకి చెంబు గానీ చెయ్యి గానీ ముంచకూడదు, అందుకే కుళాయి ఉన్నదే తీసుకోమంటున్నాం. పండ్ల మీద చిలకరించాలనుకుంటే తాగే నీళ్ళను స్ప్రే సీసాలో పోసుకోండి. కాలువలోనో గుంటలోనో పండ్ల గంపను ముంచి తేవడం మాత్రం పూర్తిగా మానేయండి.

కళింగర, బొప్పాయి కాయలను పొద్దున్నే ఇంటి దగ్గరే తోమి, తుడిచి బండెక్కించండి. బండి మీద అంత నీళ్ళు దొరకవు. కత్తిని ప్రతి కాయకూ ధార కింద కడగాలి. పాత గుడ్డతో తుడవడం కడగడం కిందికి రాదు, ఆ గుడ్డ పొద్దుటి మురికిని సాయంత్రం దాకా మోస్తుంది. పక్కనే టీ బండి ఉంటే రోజుకు నాలుగుసార్లు తెర్లే నీళ్ళు రెండు గ్లాసులు అడిగి, సబ్బుతో తోమిన కత్తి మీద, పలక మీద పోసుకోండి. దీనికి మించిన శుద్ధి లేదు. కర్ర పలక మీద గాట్లు లోతుగా పడ్డాక మార్చేయండి, ఆ గాట్లలో దూరినదాన్ని బ్రష్షు పట్టలేదు.

కోసిన ముక్కల మీద దోమతెర గుడ్డ కప్పండి. ఈగలు కాళ్ళతో, పొట్టతో సిస్టులను, గుడ్లను మోసుకొస్తాయి. నలభై డిగ్రీల ఎండలో కోసిన పండు గంటలోపు అమ్ముడుపోవాలి. ఇది బాక్టీరియా వల్ల పెట్టుకునే గడువు. డబ్బులు తీసుకున్న చేత్తో ముక్క పట్టుకోకండి, చెంచానో పటకారో వాడండి. మలవిసర్జన తర్వాత సబ్బుతో చేతులు కడుక్కునే ఏర్పాటు లేకుండా పండు కోసే పని పెట్టుకోవద్దు. విరేచనాలు పట్టుకున్న రోజు కోసిన ముక్కలు అమ్మకండి, కాయలు మాత్రమే అమ్మండి.

చీనీ రసం తీసే అంగళ్ళలో చిక్కులు రెండు. చీనీకాయను తొక్కతోనే అడ్డంగా కోసి నొక్కే మిషనులో పెడతారు. నొక్కినప్పుడు రసంతో పాటు తొక్క మీది తడి కూడా గ్లాసులోకి కారుతుంది. కోసే ముందు కాయలను ధార కింద చేత్తో రుద్ది కడిగితే ఈ చిక్కు చాలావరకు తీరిపోతుంది. ఐసు రెండో చిక్కు. చేపలు నిల్వచేసే ఐసు దిమ్మె గోనెలో చుట్టి, నేల మీద ఈడ్చి, సుత్తితో కొట్టి తెస్తారు. గడ్డకట్టినంత మాత్రాన అందులోని సిస్టులన్నీ చావవు. తాగే నీళ్ళతో కట్టిన ఐసునే వాడాలి, లేదా రసాన్ని గ్లాసుతో సహా ఫ్రిజ్‌లో చల్లబరచి ఇవ్వాలి.

తోటలోనే ఆపగలిగినవి

అనంతపురం రైతులు డ్రిప్ వేసింది నీళ్ళ కరువు వల్లే అయినా, పండు శుభ్రతకు కూడా అది పనికొస్తుంది. నీరు వేరుకు పోతుంది, కాయకు తగలదు. కర్బూజ, కళింగర మడుల్లో ప్లాస్టిక్ మల్చింగ్ (నేల మీద పరిచే షీటు) వేస్తే కాయ మన్నుకు ఆనదు. ఊరి మురుగు కలిసిన నీళ్ళు వాడక తప్పకపోతే నేరుగా పారించకుండా కుంటలో నిలబెట్టండి, గుడ్లు అడుగుకు దిగుతాయి. మోటారు పైపును అడుగు మడ్డిలో కాకుండా పైపొరలో ఉంచాలి. పేగు పురుగుల గుడ్లు లీటరుకు ఒకటికి మించకూడదన్నది సాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు.

పచ్చి పేడను, కొత్త గొర్రె ఎరువును కాయ పట్టిన మడుల్లో వేయకండి. కుప్ప వేసి 55 డిగ్రీలకు తగ్గని వేడిలో 15 రోజులు మాగాలి, మధ్యలో కనీసం ఐదుసార్లు తిరగేయాలి. తిరగేయకపోతే నడుమ మాత్రమే ఉడుకుతుంది, అంచుల్లో గుడ్లు అలాగే ఉంటాయి.

కాలేజీ ల్యాబులో పరీక్షించాలంటే

జంతుశాస్త్రం, మైక్రోబయాలజీ విద్యార్థులు ఊళ్ళో సంతలోని పండ్లను మామూలు మైక్రోస్కోపుతోనే పరీక్షించవచ్చు.

ఒక్కో నమూనా 250 గ్రాములు. అమ్మే మనిషి చేత్తోనే కొత్త ప్లాస్టిక్ సంచిలో వేయించుకోండి, మీరు తాకవద్దు. పండు పేరు, తేదీ, నేల మీదిదా ఎత్తులోదా, నీళ్ళు చిలకరించారా లేదా అన్నవి రాసుకోండి. అమ్మినవాళ్ళ పేరు రాయకండి, అది వాళ్ళ బతుకుతెరువు. ఒకే బండి మీద చిలకరించని పండ్లు, చిలకరించిన పండ్లు విడివిడిగా తీసుకుంటే తప్పు పండుదా నీళ్ళదా అన్నది బయటపడుతుంది.

లీటరు నీటికి 8.5 గ్రాముల ఉప్పు కలిపిన సెలైన్ 500 మి.లీ. సంచిలో పోసి 15 నిమిషాలు కుదపండి. పండ్లు తీసేసి, నీళ్ళను పలచటి గాజ్ గుడ్డలో (కట్టు కట్టే గుడ్డ) వడకట్టి, ఒక రాత్రంతా కదపకుండా ఉంచండి. పైతేటను మెల్లగా వంచేసి, అడుగు మడ్డిని 2000 ఆర్‌పీఎం వద్ద 5 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయండి. అడుగున చేరినదాంట్లో ఒక చుక్కను సెలైన్‌తో, ఇంకో చుక్కను ఐదు రెట్లు పలుచన చేసిన లుగాల్ అయోడిన్‌తో స్లైడు మీద పెట్టి, 10 రెట్ల కటకంతో మొత్తం గాలించి, అనుమానం వచ్చిన చోట 40 రెట్ల కటకంతో చూడండి. నమూనాకు మూడు స్లైడులైనా చూడాలి. పండు వేయకుండా ఒట్టి సెలైన్‌నూ ఇలాగే చేసి చూడాలి, లేకపోతే మీ కుళాయి నీళ్ళలోని సిస్టు పండు ఖాతాలో పడుతుంది.

గుడ్లు తక్కువగా ఉంటే తేల్చే పద్ధతి అక్కరకొస్తుంది. 100 మి.లీ. నీటికి 40 గ్రాముల ఉప్పు వేసి, కొంత కరగకుండా అడుగున మిగిలేదాకా కలిపితే సంతృప్త ద్రావణం. మడ్డిని అందులో కలిపి గొట్టాన్ని అంచుదాకా నింపి పైన కవర్‌స్లిప్ ఆనించి, 10 నుంచి 15 నిమిషాల తర్వాత నిటారుగా ఎత్తండి. 20 నిమిషాలు దాటితే గుడ్లు ముడుచుకుపోయి మళ్ళీ కిందికి దిగుతాయి. బద్దెపురుగు గుడ్లు ఈ ద్రావణంలో సరిగా తేలవు, గియార్డియా సిస్టులు ఆకారం చెడిపోతాయి. సిస్టుల కోసం 33 శాతం జింకు సల్ఫేటు వాడాలి. క్రిప్టోస్పోరిడియం 4 నుంచి 6 మైక్రోమీటర్లే కాబట్టి యాసిడ్ ఫాస్ట్ రంగు వేయకుండా తేల్చి చెప్పలేరు.

కొత్తవాళ్ళను మోసగించేవి మూడు. పుప్పొడి రేణువు బుడిపెలతో అచ్చం ఏలికపాము గుడ్డులా ఉంటుంది, కానీ లోపల కణం విడిగా కనిపించదు. గాలిబుడగకు అంచు నల్లగా, నడుమ ఖాళీగా ఉంటుంది. మట్టిలో స్వేచ్ఛగా బతికే సన్నపురుగులను కొంకిపురుగు పిల్లలని రాసేస్తుంటారు, నోటి నాళం పొడవు కొలవకుండా ఆ మాట రాయకూడదు. అమీబా సిస్టు కనిపించినా అది జబ్బు చేసే హిస్టోలిటికానో, జబ్బు చేయని డిస్పారో మైక్రోస్కోపు విడదీయలేదు. ఆ సంగతి నివేదికలో రాయండి.

కడుపులో చేరాయని అనుమానం వస్తే

ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో 1 నుంచి 19 ఏళ్ళ పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రలు ఇస్తారు. 2015 నుంచి నడుస్తున్న కార్యక్రమం ఇది. రెండేళ్ళు నిండినవాళ్ళకు 400 మి.గ్రా., అంతకంటే చిన్నవాళ్ళకు సగం. పిల్లలకు తప్పకుండా వేయించండి. అయితే అది పురుగులకు వేసే మందు, అమీబా విరేచనాలు దానితో తగ్గవు. మూర్ఛలు వచ్చేవాళ్ళు, గర్భిణులు డాక్టరుకు చెప్పకుండా ఈ మాత్ర వేసుకోకూడదు.

విరేచనాలు వారం దాటినా, జిడ్డుగా దుర్వాసనతో నీళ్ళ మీద తేలే మలం వస్తున్నా, పొట్ట ఉబ్బి బరువు తగ్గుతున్నా మలపరీక్ష చేయించండి. మలంలో రక్తం, చీము కనిపిస్తే, పిల్లలు నీరసించి మూత్రం తగ్గితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. సిస్టులు రోజూ పడవు, కాబట్టి ఒక్క పరీక్షలో ఏమీ కనపడలేదంటే లేవని కాదు. రోజు విడిచి రోజు మూడు నమూనాలు ఇవ్వండి. వెడల్పు మూతి డబ్బాలో, మూత్రం గానీ నీళ్ళు గానీ కలవకుండా పట్టండి. నీళ్ళ విరేచనమైతే అరగంటలోపు ల్యాబుకు చేర్చాలి, ఆలస్యమైతే కదిలే అమీబాలు చచ్చి గుర్తుపట్టలేని ముద్దలవుతాయి.